మార్కుల పట్టిక గీసిన గీత: నృత్య పోటీల్లో శాస్త్రీయం, జానపదం వేరైన తీరు

యువజనోత్సవాలు దగ్గరపడగానే విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో ఒక ప్రశ్న తలెత్తుతుంది: ఈ నృత్యాన్ని ఏ విభాగంలో నమోదు చేయాలి? కూచిపూడి నేర్చుకున్న అమ్మాయికీ, తప్పెటగుళ్ళు ఆడే కుర్రవాడికీ ఆ సందేహం రాదు. ఆలయ నర్తకుల ఆట నుంచి పునరుద్ధరించిన ఆంధ్రనాట్యం వంటి సంప్రదాయంతో వచ్చేవారికీ, శాస్త్రీయ శిక్షణతో జానపద గీతానికి అడుగులు కూర్చుకున్నవారికీ మాత్రం చిక్కు తప్పదు. దీని మూలాలను నృత్యంలో కన్నా, స్వాతంత్ర్యం తరువాత ఢిల్లీ, హైదరాబాదుల్లో జరిగిన చర్చల్లోను, ఆపైన వచ్చిన పోటీ నియమావళుల్లోను వెతకడం మేలు.

నృత్యాన్ని రెండుగా విడదీసి చెప్పడం మనకు కొత్తేమీ కాదు. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప 13వ శతాబ్దంలో రచించిన నృత్తరత్నావళిలోని ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగు శాస్త్రగ్రంథాలు నిర్దేశించిన మార్గ పద్ధతికి, తక్కిన నాలుగు ఆయా ప్రాంతాల వాడుకలో పుట్టిన దేశి పద్ధతికి చెందుతాయి. అయితే ఆ దేశి వేరు, ఇప్పటి జానపదం వేరు. జాయప దేశి భాగంలో వర్ణించిన పేరణినే 20వ శతాబ్దంలో నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ, ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకొని, పేరిణి శివతాండవంగా మళ్ళీ వేదిక ఎక్కించారు. ఇవాళ దాన్ని జానపద విభాగంలో వేస్తే ఆయన శిష్యపరంపర ఒప్పుకోదు.

ఇప్పుడు పోటీల్లో పాటించే విభజన చాలా దగ్గరి కాలానిది. 1947 నాటి మద్రాసు చట్టం దేవదాసీ సమర్పణను నిషేధించడంతో ఆలయానికీ ఆటకూ ఉన్న పాత ముడి చట్టరీత్యా తెగింది. నృత్యానికి గుర్తింపునిచ్చే అధికారం క్రమంగా అకాడమీల చేతికి వచ్చింది. కేంద్ర సంగీత నాటక అకాడమీ 1958లో ఢిల్లీలో ఏర్పాటు చేసిన నృత్య సదస్సులో విస్సా అప్పారావు కూచిపూడిని గురించి ప్రసంగించగా, అది స్వతంత్రమైన శాస్త్రీయ రీతి అవునా కాదా అన్న వాదం బలపడింది. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో కూచిపూడి మీదనే ప్రత్యేకంగా సదస్సు జరిపింది. రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు కావడంతో ఆ వాదంలో నృత్య లక్షణాలతో పాటు తెలుగువారి పరువు కూడా ముడిపడింది.

భరతనాట్యం నుంచి తనను వేరుచేసి చూపుకోవలసి రావడం వల్లనే కూచిపూడికి కొన్ని గుర్తులు స్థిరపడిపోయాయని నాకు అనిపిస్తుంది. మోకాళ్ళు పక్కలకు వంచిన అరమండిలో నిలిచి, గీత గీసినట్టు చేతులు చాచే ‘అడవు’ అనే అడుగుల కూర్పులు భరతనాట్యానికి ఆనవాలు కాగా, కూచిపూడి నడకలో ఎగుడుదిగుడు లయ, వేగం ఎక్కువ. కానీ దాని అసలు వేరు యక్షగాన సంప్రదాయంలో ఉంది: భామాకలాపంలో సత్యభామ తనను తాను పరిచయం చేసుకొంటూ వచ్చే ప్రవేశ దరువు, నటులే స్వయంగా పలికే వాచికం. ధ్వనిముద్రిత పాటకు ఆడే కొద్ది నిమిషాల పోటీలో వాచికానికి చోటు దొరకదు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే తరంగానికి దొరుకుతుంది. అందుకే పిల్లల పోటీల్లో పళ్ళెం కనిపిస్తే చాలు, అది కూచిపూడి అనుకొనే పరిస్థితి వచ్చింది.

విశ్వవిద్యాలయాల స్థాయిలో భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం యువజనోత్సవ నియమావళి ఈ గీతను మరింత గట్టిపరచింది. శాస్త్రీయ నృత్యానికి అది కథక్, కథాకళి, భరతనాట్యం, మణిపురి, కూచిపూడి, మోహినీఆట్టం, ఒడిస్సీ అని పేర్లు చెప్పి, చివర ‘మొదలైనవి’ అంటుంది. ఆంధ్రనాట్యం తలదాచుకోవలసింది ఆ ఒక్క మాటలోనే. జానపద, గిరిజన నృత్యానికి వచ్చేసరికి, శాస్త్రీయం కాకూడదన్నదే ప్రధాన నిర్వచనం. ఒకదానికి వంశవృక్షం ఉంటే, రెండవదానికి ఉన్నది నిషేధం. మార్కులు కూడా ఆ ప్రకారమే పంచారు: మొదటిదానిలో తాళం, అభినయం, పదఘాతాలు చూస్తే, రెండవదానిలో లయ, బృంద విన్యాసం, ఆహార్యం చూస్తారు.

ఈ నియమాలు తప్పెటగుళ్ళకు ఎలా తగులుతాయో ఉత్తరాంధ్రవారికి వేరే చెప్పనక్కరలేదు. యాదవులు తరతరాలుగా ఆడుతున్న ఈ ఆటలో బృందంలో పదిహేను ఇరవై మంది ఉంటారు. గుండెల మీద తప్పెట, కాళ్ళకు గజ్జెలతో వలయంగా తిరుగుతూ, ఒకరు పాడగా తక్కినవారు అందుకొంటూ గంటల తరబడి ఆడతారు. పోటీలో పదిమందికి మించరాదు, పది నిమిషాలు దాటరాదు. కథ పోతుంది, అందుకోవడం సగమవుతుంది, భుజాల మీద భుజాలు మోపి గోపురం కట్టడం మిగులుతుంది, ఎందుకంటే విన్యాసం కింద మార్కులు పడేది దానికే. ఇక వేషం సంగతి: పొట్టి నిక్కరుతో ఆడే ఆటకు ఆహార్యం కింద ఎన్ని మార్కులు వేయాలో తెలియక న్యాయనిర్ణేత తడబడితే ఆ తప్పు పూర్తిగా ఆయనది కాదు.

విజయనగరంలో 1919లో ఏర్పడిన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన హరికథకులు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) కాలికి గజ్జె కట్టి, పాడుతూ, ఆడుతూ, కథ చెబుతూ, ఒకేసారి వేరువేరు తాళాలు నడిపేవారు. ఆయనను ఏ విభాగంలో నమోదు చేస్తారు?

పాఠశాల విద్యార్థుల కోసం కేంద్రం 2015లో కళా ఉత్సవ్ ప్రారంభించింది. 2020లో అది ఆన్‌లైన్ పద్ధతిలో జరిగినప్పుడు శాస్త్రీయ నృత్యం, జానపద నృత్యం రెండూ వ్యక్తిగత అంశాలయ్యాయి. శాస్త్రీయ నృత్యానికి దానివల్ల ఇబ్బంది లేదు. ఏకపాత్ర ప్రదర్శన దానికి అప్పటికే అలవాటు. సవర గిరిజనుల నృత్యానికి, కోలాటానికి, తప్పెటగుళ్ళకు తోడు లేకపోతే ఆటే లేదు. రెండో కోల తగలకుండా కోలాటం ఆడమని ఆ ఏడాది పిల్లలను అడిగినట్టయింది.