అరచేతిలో డాస్ ఆటలు: అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో నేను నడిపే మరమ్మతు దుకాణానికి వచ్చే గేమింగ్ హ్యాండ్‌హెల్డ్‌లలో, అంటే చేతిలో పట్టుకుని ఆడే చిన్న పరికరాల్లో, చాలావాటికి అసలు జబ్బే ఉండదు. కొనేవాళ్లలో నలభై దాటినవాళ్లే ఎక్కువ. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సారు అటు తిరగగానే ఆడేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, డేంజరస్ డేవ్, వుల్ఫెన్‌స్టైన్ లాంటి డాస్ ఆటలను (విండోస్‌కు ముందు పీసీలను నడిపిన ఆపరేటింగ్ సిస్టమే డాస్) మళ్లీ ఆడాలని వాళ్ల కోరిక. మెమరీ కార్డులో ఆట వేస్తారు. అది గుర్రంలా దౌడు తీస్తుంది, లేదా ఈడ్చుకుంటూ నడుస్తుంది, లేదా నోరే విప్పదు. “పీసు డిఫెక్టు వచ్చినట్టుంది, ఒకసారి చూడండి సార్” అంటూ పట్టుకొస్తారు. నేను స్క్రూడ్రైవరు తీయకుండానే సగం కేసులు తేలిపోతాయి, ఎందుకంటే వాటి వెనక ఉన్నవి ఈ కింది నమ్మకాలే.

అపోహ: ముప్పై ఏళ్ల నాటి ఆట కదా, ఎంత చవక పరికరమైనా చాలు.

ఆట పాతదే గానీ పని చిన్నది కాదు. చవక హ్యాండ్‌హెల్డ్‌లలో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. డాస్ ఆటలను రాసింది ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్ల వంశానికి. ఒకదాని యంత్రభాష మరొకదానికి తెలియదు. డాస్‌బాక్స్ లాంటి ఎమ్యులేటర్ మధ్యలో కూర్చుని ఆట ఇచ్చే ప్రతి ఆదేశాన్నీ ఆర్మ్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్పాలి. అక్కడితో అయిపోదు. బొమ్మ చూపే వీజీఏ కార్డు, శబ్దం పలికించే సౌండ్ బ్లాస్టర్ కార్డు, టైమర్ చిప్, కీబోర్డు, ఇవన్నీ ఉన్నట్టు ఆటను నమ్మించాలి. అందుకే పాత 386 ప్రాసెసర్ మీద హాయిగా నడిచిన ఆటకు కూడా దానికి ఎన్నో రెట్ల శక్తి ఉన్న చిప్ కావాలి. 1990లో డాస్‌కు వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియాకు ఈ రోజుల్లో దొరికే అతి చవక పరికరం కూడా సరిపోతుంది. 1996 నాటి డ్యూక్ న్యూకెమ్ 3డి, క్వేక్ దగ్గరికి వచ్చేసరికి అదే పరికరం ఆయాసపడుతుంది. క్వేక్ పెంటియంలోని దశాంశ గణిత విభాగాన్ని విపరీతంగా వాడుకుంటుంది, దాన్ని నటించడం ఎమ్యులేటర్‌కు తలకు మించిన భారం.

“మరి డూమ్ ఆట అదరగొడుతోందే!” అని వెంటనే అడుగుతారు. అక్కడే తిరకాసు. మీ హ్యాండ్‌హెల్డ్‌లో నడుస్తున్న డూమ్ చాలాసార్లు ఎమ్యులేషన్ కానే కాదు. ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1997 డిసెంబరులో డూమ్ సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, బయటపెట్టింది. దాన్ని నేరుగా ఆర్మ్ యంత్రభాషలోకి మార్చిన (కంపైల్ చేసిన) ప్రోగ్రాము మీ దగ్గర నడుస్తోంది. డాస్ ఆట నుంచి అది తీసుకునేది బొమ్మలు, శబ్దాలు, గదుల పటాలు ఉన్న డేటా ఫైలు మాత్రమే. పాయింట్ అండ్ క్లిక్ సాహస ఆటలకు స్కమ్‌వీఎం అనే ప్రోగ్రాము చేసేదీ ఇదే. కాబట్టి డూమ్‌ను చూసి పరికరం సత్తాను అంచనా వేయకండి.

అపోహ: ముందు ఎంఎస్ డాస్ ఇన్‌స్టాల్ చేయాలి.

అక్కర్లేదు. డాస్‌బాక్స్‌లో ఆటలకు సరిపడే డాస్ లోపలే ఉంటుంది.

అపోహ: సైకిల్స్ ఎంత పెంచితే ఆట అంత బాగా నడుస్తుంది.

నా బల్ల మీదికి వచ్చే ఫిర్యాదుల్లో దీనిదే అగ్రస్థానం. డాస్‌బాక్స్‌లో సైకిల్స్ అంటే ఒక మిల్లీసెకనులో ఎన్ని ఆదేశాలు నడపాలన్న లెక్క. మరీ స్థూలంగా చెప్పాలంటే తొలినాటి ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్ వేగానికి 300 పైచిలుకు, 66 మెగాహెర్ట్జ్ 486కు 27 వేల దరిదాపు, 100 మెగాహెర్ట్జ్ పెంటియంకు 77 వేలు పెట్టుకోవాలి. కొత్తగా కొన్నవాళ్లు మొదట చేసే పని దీన్ని గరిష్ఠానికి లాగడం. ఫోనులో ఆటలు ఆడిన అలవాటు అది, ఎంత వేగముంటే అంత మంచిదని.

కానీ 1980లు, 90ల తొలి రోజుల్లో కొందరు ప్రోగ్రామర్లు గడియారం చూసుకోలేదు. తమ ముందున్న యంత్రం ఎంత వేగంగా నడిస్తే అదే ఆట వేగమని రాసేశారు. 1990లో వచ్చిన వింగ్ కమాండర్ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. దాన్ని వేగమైన యంత్రం మీద పెడితే శత్రు నౌక కనబడేలోపే మన నౌక పేలిపోతుంది. 33 వేగంతో తిప్పాల్సిన గ్రామఫోన్ రికార్డును 78లో తిప్పితే పాట ఏమవుతుందో ఆటా అదే అవుతుంది. ఆనాటి క్యాబినెట్ల ముందువైపు టర్బో అనే మీట ఉండేది గుర్తుందా? చాలామంది దాన్ని వేగం పెంచడానికని అనుకునేవాళ్లు. నిజానికి దాని అసలు ప్రయోజనం అవసరమైనప్పుడు యంత్రాన్ని నెమ్మదింపజేయడం.

ఇంకో వింత చూడండి. బోర్లాండ్ వారి పాస్కల్ భాషతో రాసిన చాలా ప్రోగ్రాములు మొదలవగానే ఒక చిన్న లూపును తిప్పి, ఒక భాగహారం చేసి యంత్రం వేగాన్ని కొలుచుకుంటాయి. యంత్రం మరీ వేగమైనదైతే ఆ భాగహారం ఫలితం దానికి కేటాయించిన చోట పట్టదు. ఆట తెరుచుకోకుండానే “రన్‌టైమ్ ఎర్రర్ 200” అన్న ఒక్క వాక్యం రాసి మూసుకుపోతుంది. దీన్ని చూసి ఫైలు పాడైందనుకుని మళ్లీ మళ్లీ డౌన్‌లోడ్ చేసేవాళ్లు ఎందరో. సైకిల్స్ తగ్గించండి, అదే తెరుచుకుంటుంది.

హ్యాండ్‌హెల్డ్‌లలో ఎక్కువగా వాడే డాస్‌బాక్స్ ప్యూర్‌లో ఈ అంకెల పక్కన ప్రాసెసర్ పేరు, సంవత్సరం రాసి ఉంటాయి. ఆట ఏ సంవత్సరానిదో తెలుసుకుని దాని దగ్గరి యంత్రాన్ని ఎంచుకోండి. తడబడితే ఒక మెట్టు పైకి, దౌడు తీస్తే ఒక మెట్టు కిందికి. గరిష్ఠంలో వదిలేస్తే ఇంకో నష్టం కూడా ఉంది. ఆటకు అవసరం ఉన్నా లేకపోయినా ప్రాసెసర్ ఊపిరి తిప్పుకోకుండా పనిచేస్తుంది, పరికరం వేడెక్కుతుంది, బ్యాటరీ ఇట్టే కరిగిపోతుంది. “బ్యాటరీ మార్చాలి” అని వచ్చినవాళ్లలో కొందరిని సైకిల్స్ తగ్గించి ఇంటికి పంపాను. మే నెల విశాఖ ఉక్కపోతలో ఇది మరీ తెలుస్తుంది.

అపోహ: శబ్దం రావడం లేదంటే స్పీకరు పోయినట్టే.

మెనూలో టిక్కుటిక్కుమని వినబడుతోందా? అయితే స్పీకరు బాగానే ఉంది. డాస్‌లో విండోస్ మాదిరి ఉమ్మడి సౌండ్ వ్యవస్థ ఉండేది కాదు. ప్రతి ఆటా సౌండ్ కార్డుతో స్వయంగా మాట్లాడుకోవాలి. ఏ కార్డో, అది ఏ చిరునామాలో ఉందో ఆటకు మనమే చెప్పాలి. ఆట ఫోల్డరులో సెటప్ లేదా ఇన్‌స్టాల్ పేరుతో మరో ప్రోగ్రాము ఉంటుంది, ముందు దాన్ని తెరవండి. సౌండ్ బ్లాస్టర్ ఎంచుకుని, చిరునామా 220, ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే లైను) 7, డీఎంఏ (మెమరీ నుంచి శబ్దం కార్డుకు చేరే దారి) 1 ఇవ్వండి. డాస్‌బాక్స్ మొదటి నుంచీ వాడే అంకెలు ఇవే. ఆటలో ఐఆర్‌క్యూ 5 అని ముందే నింపి ఉంటే సంగీతం వస్తుంది గానీ తుపాకీ మోతలు, మాటలు రావు. సంగీతం యమహా చిప్ ద్వారా, మాటలు డీఎంఏ ద్వారా, ఇలా రెండు వేర్వేరు దారుల్లో వస్తాయి కాబట్టి ఒకటి పలికి ఇంకోటి మూగబోవడం డాస్‌లో మామూలే.

శబ్దం గరగరమంటే మాత్రం సెటప్‌ను వదిలి మళ్లీ సైకిల్స్ చూడండి. పరికరం మోయగలిగిన దానికంటే ఎక్కువ అడిగితే మొదట చిరిగేది శబ్దమే.

మరొక్క మాట. జనరల్ మిడి (ఏ వాద్యం ఏ స్వరం పలకాలో మాత్రమే చెప్పే పద్ధతి) ఎంచుకుంటే వాద్యాలు ఇంకా నిండుగా వినబడాలి, కానీ దానికి ఆ వాద్యాల శబ్దాలుండే సౌండ్‌ఫాంట్ ఫైలు ఒకటి మెమరీ కార్డులో వేసుకోవాలి. అది లేకుండా మిడి పెడితే సంగీతం ఉండదు. నా మట్టుకు నాకు డేంజరస్ డేవ్, కమాండర్ కీన్ లాంటి ఆటల్లో ఆ పీసీ స్పీకరు కీచుమనే శబ్దాలే ఇష్టం, వాటిని మెరుగుపరచాలన్న కోరిక నాకెప్పుడూ కలగలేదు.

అపోహ: నల్ల పట్టీలు కనబడితే సెట్టింగు తప్పు.

కొన్ని తెరల మీద తప్పు, కొన్నింటి మీద ఒప్పు. డాస్ ఆటల్లో ఎక్కువ భాగం 320 అడ్డం, 200 నిలువు చుక్కలతో గీసినవి. ఆనాటి మానిటర్ల నిష్పత్తి 4:3. అందుకే ఒక్కో చుక్క వెడల్పు కంటే పొడవుగా ఉండేది. చిత్రకారులు దాన్ని దృష్టిలో పెట్టుకునే బొమ్మలు గీశారు. 640 బై 480 తెర ఉన్న పరికరంలో కిందా పైనా పట్టీలు కనబడుతున్నాయంటే చుక్కలను చదరంగా చూపిస్తోందన్నమాట, మనుషులు పొట్టిగా, లావుగా కనబడతారు. నిష్పత్తిని 4:3కి మార్చగానే తెర నిండుతుంది. స్టీమ్ డెక్ అనే హ్యాండ్‌హెల్డ్ మీద వ్యవహారం తలకిందులు. దాని తెర 1280 బై 800, అంటే 320 బై 200కు సరిగ్గా నాలుగింతలు. పట్టీలే లేకుండా, గీత గీసినట్టు స్పష్టంగా తెర నిండా వస్తుంది, చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది, కానీ గుండ్రటి చక్రం అడ్డంగా సాగిన గుడ్డులా ఉంటుంది. అక్కడ పక్కల పట్టీలు ఉండటమే సరైనది.

అపోహ: ఆట జిప్ ఫైలును కాపీ చేసుకుంటే నా సేవ్‌లు కూడా వచ్చేస్తాయి.

ఈ నమ్మకం చాలామంది గుండె కోసింది. డాస్‌బాక్స్ ప్యూర్ జిప్‌ను విప్పకుండానే ఆట నడుపుతుంది, ఆ జిప్‌ను మాత్రం ముట్టుకోదు. ఆట రాసే ప్రతి కొత్త ఫైలూ సేవ్‌ల ఫోల్డరులో, చివర “ప్యూర్ జిప్” అని ఉండే వేరే ఫైలులోకి వెళుతుంది. కార్డు మార్చేటప్పుడు ఆటల ఫోల్డరొక్కటే కాపీ చేస్తే సెటప్‌లో పెట్టుకున్న సౌండు సహా అంతా మాయం. పరికరంతోపాటు వచ్చే పేరులేని మెమరీ కార్డు మీద అసలు నమ్మకం పెట్టుకోకండి, మొదటి రోజే మంచి కార్డులోకి ఆ రెండు ఫోల్డర్లనూ దించుకోండి.

ఆట సొంత సేవ్‌కు, ఎమ్యులేటర్ తీసే సేవ్ స్టేట్‌కు తేడా కూడా తెలియాలి. ప్రిన్స్‌లో కంట్రోల్, జీ కలిపి నొక్కితే ఆట తానే సేవ్ చేస్తుంది, అదీ మూడో అంతస్తుకు చేరాకే. ఆ ఫైలు ఏ డాస్‌బాక్స్‌లోనైనా, పాత కంప్యూటర్‌లోనైనా పనిచేస్తుంది. సేవ్ స్టేట్ అలా కాదు. అది ఆ ఎమ్యులేటర్ మెమరీకి తీసిన ఫొటో. వెర్షను మారితే తెరుచుకుంటుందన్న హామీ లేదు. గంటలోపు రాజకుమారిని కాపాడాల్సిన ఆటలో సేవ్ స్టేట్ వాడటం ధర్మమా అని నన్నడగకండి, ఎవరి మనస్సాక్షి వారిది.

అపోహ: ఫ్లాపీలు పెట్టెలో భద్రంగా ఉన్నాయి కాబట్టి ఆటలూ భద్రమే.

ఈ ఊరి సముద్రపు గాలి సంగతి తెలిసినవాళ్లు ఈ మాట అనరు. ఉక్కునగరం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి తన పాత ఫ్లాపీల పెట్టె తెచ్చారు. పైకి అన్నీ కొత్తవాటిలా ఉన్నాయి, లేబుళ్ల మీద సిరా కూడా చెదరలేదు. లోహపు షట్టరును వేలితో పక్కకు జరిపి, డిస్కును దీపం కింద ఏటవాలుగా పట్టి చూస్తే నల్లటి పొర మీద తెల్లటి మచ్చలు, వలయాలు. బూజు. అలాంటిదాన్ని డ్రైవులో పెడితే ఆ బూజు రీడ్ హెడ్‌కు అంటుకుంటుంది, ఆ తర్వాత పెట్టిన మంచి డిస్కును కూడా గీరుతుంది. ముందు దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, డిస్కును వెనకనున్న లోహపు చక్రంతో మెల్లగా తిప్పుతూ రెండువైపులా తుడవాలి. ఆరాక ఒక్కసారి చదివించి, మొత్తం డిస్కును ఇమేజి ఫైలుగా తీసి పెట్టుకోవాలి. బజారులో దొరికే యూఎస్‌బీ డ్రైవులు మూడున్నర అంగుళాల ఫ్లాపీలకే. ఐదుంపావు అంగుళాల వాటికి పాత డ్రైవు సంపాదించి, గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డుతో కంప్యూటర్‌కు కలపాలి.

పెట్టెలో మాన్యువల్ ఉంటే పారేయకండి. డాస్ ప్రిన్స్ మొదటి అంతస్తు దాటగానే మాన్యువల్‌లో ఫలానా పేజీ, ఫలానా వరుసలోని మాట మొదటి అక్షరం అడుగుతుంది. తప్పు అక్షరం ముందున్న కషాయం తాగితే రాకుమారుడి ప్రాణానికే ముప్పు.

అపోహ: కంపెనీ అమ్మడం మానేసిన ఆట ఎవరైనా తీసుకోవచ్చు.

మన కాపీరైటు చట్టం, 1957లో అలాంటి వెసులుబాటు లేదు. కంప్యూటర్ ప్రోగ్రాము చట్టం దృష్టిలో సాహిత్య రచన, హక్కు దశాబ్దాలపాటు ఉంటుంది. న్యాయంగా మీ దగ్గరున్న కాపీకి భద్రత కోసం నకలు తీసుకోవడానికి 52వ సెక్షను ఒప్పుకుంటుంది, పైన చెప్పిన ఫ్లాపీల పని దాని కిందికే వస్తుంది. “వెయ్యి ఆటలు నింపిన కార్డు ఇవ్వండి” అని నన్ను అడిగినా ప్రయోజనం లేదు. ఉచితంగా దొరికేవి తక్కువేమీ కాదు. బినీత్ ఎ స్టీల్ స్కై ఆటను దాని యజమానులే 2003లో ఉచితం చేశారు, ది ఎల్డర్ స్క్రోల్స్ వరుసలోని అరీనా 2004లో ఆ దారిలోకి వచ్చింది. జీఓజీ అనే ఆటల వెబ్‌సైటులో పాతవి చౌకగా అమ్ముతారు, చాలావరకు డాస్‌బాక్స్‌తో కలిపే ఇస్తారు.

కొత్త పరికరంలో మొదట ఏది వేయాలి అని అడిగితే నేను 1992 నాటి వుల్ఫెన్‌స్టైన్ 3డి షేర్‌వేర్ భాగమే చెబుతాను. మొదటి ఎపిసోడును పంచుకోవడానికి వాళ్లే అనుమతించారు. అది తెరుచుకోగానే ఒక పట్టిక చూపిస్తుంది. అందులో మెమరీ ఎంత దొరికింది, మౌస్ ఉందా, యాడ్‌లిబ్ సౌండ్ కార్డు ఉందా, సౌండ్ బ్లాస్టర్ ఉందా అని ఒక్కొక్కటిగా గుర్తులు పడతాయి. సౌండ్ బ్లాస్టర్ దగ్గర గుర్తు పడకపోతే ముందు ఆ సంగతి చూడండి. తర్వాత కాల్చడానికి కంట్రోల్, తలుపుకు స్పేస్, పరుగుకు షిఫ్ట్, పక్కకు జరగడానికి ఆల్ట్ మీటలను నాలుగు బటన్లకు కేటాయించుకుని మొదటి తలుపు తెరవండి.