ఎలుక మూత్రపిండం ఎన్ని మిల్లీలీటర్లు?

కొలజాడీలో నీళ్లు పోసి, వస్తువును ముంచి, మట్టం ఎంత లేచిందో చూడటం మనం బడిలో నేర్చుకున్న పద్ధతే. ఎలుక మూత్రపిండానికి అది పనికిరాదు. దాని ఘనపరిమాణం సుమారు ఒక మిల్లీలీటరు. 100 మిల్లీలీటర్ల జాడీ మీద గీతకూ గీతకూ మధ్య దూరం కూడా సాధారణంగా అంతే!

తార్నాక, హబ్సిగూడల్లో ఉన్నలాంటి జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఈ పనికి జాడీ కన్నా బ్యాలెన్స్ నమ్మకమైనది. 1970లో షెర్లే అనే పరిశోధకుడు వివరించిన పద్ధతి ఇది. బీకరులో సెలైన్ పోసి బ్యాలెన్స్ మీద పెట్టి, రీడింగ్ సున్నా చేస్తారు. మూత్రపిండాన్ని సన్నని దారంతో స్టాండుకు కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా ముంచుతారు. ద్రవం దాన్ని పైకి తోస్తుంది. అంతే బలంతో అది ద్రవాన్ని కిందికి నొక్కుతుంది. మిగతా బరువు దారం మోస్తుంది. కాబట్టి బ్యాలెన్స్ చూపేది పక్కకు జరిగిన ద్రవం బరువే. 1.02 గ్రాములు వస్తే, సెలైన్ సాంద్రత 1.005తో భాగించండి: 1.015 మిల్లీలీటర్లు. ఎంత ముచ్చటైన పద్ధతి!

మామూలు నీళ్లు వాడకూడదు, కణాల్లోకి చొరబడి ముక్కను ఉబ్బిస్తాయి. కొవ్వు తేలుతుంది, సన్నని తీగతో అదిమి ముంచాలి. ఊపిరితిత్తుల్లోనైతే గాలి ఉంటుంది, వాటిది వేరే కథ.

హైదరాబాదు మే నెల ఎండకు నీటి సాంద్రత మారదా? మారుతుంది. 25 డిగ్రీల నుంచి 40కి వెళ్తే అర శాతం తగ్గుతుంది. నన్నడిగితే అంతకన్నా పెద్ద ప్రమాదం ఫ్యాను గాలి. చిన్న ముక్క దాని కింద ఇట్టే ఆరిపోతుంది, బ్యాలెన్స్ అంకెలూ నిలవవు.

అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. సూక్ష్మదర్శిని కింద కణాలు లెక్కించడానికి ఆల్కహాల్‌లో నీరు తీసి, పారఫిన్ మైనంలో పొదిగేసరికి మెదడు కణజాలం దాదాపు సగానికి కుంచించుకుపోవచ్చు. 100 ఘన మిల్లీమీటర్ల ముక్కలో 10 లక్షల కణాలున్నాయనుకోండి, ఘన మిల్లీమీటరుకు 10,000. ముక్క 50కి కుంచించుకుంటే లెక్క 20,000 అవుతుంది. ఒక్క కణమూ పుట్టలేదు! వ్యాధిగ్రస్తమైన కణజాలం ఆరోగ్యమైనదాని కన్నా ఎక్కువగా కుంచించుకుంటే, లేని పెరుగుదల ఫలితాల్లో కనబడుతుంది. అందుకే కణాల సాంద్రతను, అంటే ఘన మిల్లీమీటరుకు ఎన్ని కణాలో ఆ లెక్కను, అదే దశలో కొలిచిన ఘనపరిమాణంతో గుణించి, మొత్తం కణాల సంఖ్యను చెప్పాలి. 20,000ను 50తో గుణించినా వచ్చేది ఆ 10 లక్షలే.