మూల దాటితే నేరమా? అమెరికా ప్రభుత్వ భూముల్లో జింకల వేట వెనకున్న పాత తగాదా

2025 అక్టోబరు 20న అమెరికా సుప్రీంకోర్టు ఒక అప్పీలును వినకుండానే తిరస్కరించింది. కారణం చెప్పలేదు, ఇలాంటి సందర్భాల్లో సాధారణంగా చెప్పరు కూడా. దాంతో వ్యోమింగ్‌లో నాలుగేళ్ళు నలిగిన కేసు ముగిసింది. ఎల్క్ అనే భారీ జింకనూ, మ్యూల్ డీర్ అనే పెద్ద చెవుల జింకనూ వేటాడటానికి మిస్సౌరీ నుంచి వచ్చిన కొందరు, 2021లో ఒక ప్రభుత్వ భూమి మూల నుంచి ఎదురుగా ఉన్న ఇంకో ప్రభుత్వ భూమి మూలకు నిచ్చెన వేసుకుని దాటారు. పక్కనున్న ప్రైవేటు రాంచ్ (పశువులు మేపే పెద్ద కమతం) నేల మీద వాళ్ళ కాలు పడలేదు. అయినా క్రిమినల్ కేసు పడింది. 2022లో జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. మరోవైపు రాంచ్ యజమాని తనకు 70 లక్షల డాలర్లకు పైగా నష్టం జరిగిందంటూ సివిల్ దావా వేశాడు. కింది ఫెడరల్ కోర్టులోనూ, 2025 మార్చిలో కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉన్న పదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టులోనూ వేటగాళ్ళే గెలిచారు.

నేల మీద కాలే పెట్టనప్పుడు హద్దు మీరడం ఏమిటి? యజమాని వాదన ప్రకారం భూమి హక్కు నేలతో ఆగదు, పైనున్న గాలికి కూడా వర్తిస్తుంది. చదరంగం గళ్ళలా రెండు ప్రభుత్వానివి, రెండు ప్రైవేటువి, ఇలా నాలుగు భూమి ముక్కలు కలిసే మూల ఒక బిందువు మాత్రమే, దానికి వెడల్పు లేదు. ఎంత సన్నటి మనిషైనా దాటేటప్పుడు భుజం పక్కవాడి గాలిలోంచి పోక తప్పదు. ఈ వాదన వింటే నవ్వొస్తుంది గానీ, దాని వెనకున్న చట్టం పాతదే, బలమైనదే.

చుట్టూ ఇతరుల పొలాలుండి బాట లేని చేను గురించి మన ఊళ్ళలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పట్టా చేతిలో ఉంటుంది, బండి తోలుకెళ్ళడానికి దారి ఉండదు. వ్యోమింగ్‌లోనూ ఉన్నది అదే చిక్కు. తేడా ఏమిటంటే అక్కడ ఆ చేను దేశ ప్రజలందరిదీ.

ఇలాంటి భూమి ఎలా తయారైంది? 1785 చట్టంతో అమెరికా తన భూమిని మైలు పొడవు, మైలు వెడల్పు ఉన్న చదరాలుగా కొలవడం మొదలుపెట్టింది. ఒక్కో చదరం 640 ఎకరాలు. 1862లో ఖండాన్ని దాటే రైలుమార్గానికి చట్టం చేసినప్పుడు ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు, భూమి ఉంది. అందుకని పట్టాలకు రెండు వైపులా ఒక చదరం కంపెనీకిచ్చి, పక్క చదరం తన దగ్గర ఉంచుకుంది. 1864లో ఆ దానాన్ని రెట్టింపు చేసి, పట్టాలకు అటు 20 మైళ్ళు, ఇటు 20 మైళ్ళ దాకా పెంచింది. రైలు వస్తే తన చదరాల ధర కూడా పెరుగుతుంది, అప్పుడు అమ్ముకోవచ్చన్నది లెక్క. వానలు లేని ఆ మెట్టల్లో కొనేవాళ్ళు రాలేదు. కంపెనీ చదరాలు రాంచ్ యజమానుల చేతికి పోయాయి. మిగతావి ప్రభుత్వానికే మిగిలాయి. ఈ గళ్ళ పటం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంతకన్నా ముందు జరిగిన కథ ఒకటుంది. ఈ భూమి ఖాళీగా పడి లేదు. షోషోనీ, క్రో, షయాన్ వంటి తెగలు అక్కడే వేటాడుకుని బతికాయి. క్రో తెగతో 1868లో కుదుర్చుకున్న ఒప్పందంలో, ఎవరూ కాపురముండని అమెరికా భూముల్లో వేటాడుకునే హక్కు వాళ్ళకు ఉంటుందని రాశారు. వ్యోమింగ్ 1890లో రాష్ట్రమయ్యాక ఆ హక్కు పోయిందని ఆ ప్రభుత్వం వాదిస్తూ వచ్చింది. రాష్ట్రం ఏర్పడినంత మాత్రాన హక్కు చెల్లిపోదని 2019లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో చెప్పింది. బిగ్‌హార్న్ జాతీయ అడవిలో ఎల్క్‌ను కొట్టాడని కేసు ఎదుర్కొన్న క్రో మనిషి వేసిన అప్పీలు అది. ‘అందరి భూమి’ అనే మాట అమెరికా వేటగాళ్ళ నోట గర్వంగా వినిపిస్తుంది. ఆ అందరిలో మొదటివాళ్ళకు చోటు దొరకడానికి 150 ఏళ్ళు పట్టింది.

రాంచ్ యజమానులు గళ్ళ పటంలోని కిటుకును త్వరగానే పట్టుకున్నారు. తమ చదరాల అంచున మాత్రమే కంచె వేస్తే చాలు, మధ్యలో ఉన్న ప్రభుత్వ చదరాలు కూడా లోపలికి వచ్చేస్తాయి. పైసా పెట్టకుండా రెట్టింపు మేత. దీన్ని ఆపడానికే 1885లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ అక్రమ కంచెల నిషేధ చట్టం చేసింది. కొలరాడోలో సుమారు 20 వేల ఎకరాల ప్రభుత్వ భూమిని ఇలా కలిపేసుకున్న కంచెను తీసేయాల్సిందేనని 1897లో సుప్రీంకోర్టు తేల్చింది. కంచె అంతా సొంత నేల మీదే ఉన్నా సరే, అడ్డుకుంటున్నది ప్రభుత్వ భూమినే అన్నది ఆ తీర్పు సారం.

1979లో కథ అడ్డం తిరిగింది. వ్యోమింగ్‌లోని కార్బన్ కౌంటీలో సెమినో జలాశయానికి జనం వెళ్ళడానికి ప్రభుత్వం ఒక మూల మీదుగా మట్టిరోడ్డు వేసింది. ఒక గొర్రెల కంపెనీ కోర్టుకెళ్ళి గెలిచింది. 1862లో భూమి ఇచ్చేటప్పుడు దారి హక్కు అట్టిపెట్టుకోలేదు కాబట్టి, ఇప్పుడు రోడ్డు కావాలంటే డబ్బిచ్చి తీసుకోవాల్సిందే అంది సుప్రీంకోర్టు. రోడ్డు సంగతి తేలింది. కాలినడక సంగతి తేలలేదు. అప్పటి నుంచి నలభై ఏళ్ళు వేటగాళ్ళు భయపడ్డారు, యజమానులు ఆ భయం మీద బతికారు. నిచ్చెన కేసు నడిచిన ఎల్క్ మౌంటెన్ కూడా అదే కౌంటీలో ఉంది.

మరి ఆ జింక ఎవరిది? పాత ఇంగ్లాండులో జింక రాజుగారిది. హైదరాబాదులో ఇప్పటి మహావీర్ హరిణ వనస్థలి కూడా ఒకప్పుడు నిజాం వేటాడుకున్న చోటే. అమెరికాలో స్థిరపడినవాళ్ళు ఆ పద్ధతి వద్దనుకున్నారు. వేట జంతువులు ప్రజల ఉమ్మడి ఆస్తి అనీ, వాటిని కాపాడే బాధ్యత రాష్ట్రానిదనీ 1896లో సుప్రీంకోర్టు అంది. ఆస్తి అన్న మాటను 1979లో పక్కన పెట్టినా, బాధ్యత రాష్ట్రాలదే అన్న పద్ధతి కొనసాగుతోంది. అంటే రాంచ్‌లో మేస్తున్న జింక కూడా రాంచ్ యజమానిది కాదు. నేల మాత్రమే అతనిది.

ఉమ్మడి ఆస్తి అన్నంత మాత్రాన అది మిగలలేదు. పందొమ్మిదో శతాబ్దంలో తోలు కోసం, హోటళ్ళకు మాంసం కోసం వేటాడి అమ్ముకునేవాళ్ళు జింకలను ఊడ్చేశారు. 1900 నాటికి తెల్లతోక జింకలు దేశం మొత్తం మీద మూడు నుంచి ఐదు లక్షలు మిగిలి ఉంటాయని అంచనా. అదే ఏడాది వచ్చిన లేసీ చట్టం, దొంగవేట మాంసాన్ని రాష్ట్రాల మధ్య రవాణా చేయడాన్ని నేరం చేసింది. రాష్ట్రాలు లైసెన్సులు, సీజన్లు, పరిమితులు తెచ్చాయి. 1911 నాటి వీక్స్ చట్టంతో తూర్పున నరికేసిన కొండలను ప్రభుత్వం కొని జాతీయ అడవులుగా మార్చింది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం ఎక్సైజు పన్నును నేరుగా వన్యప్రాణుల పనులకు మళ్ళించింది. ఈ రోజు తెల్లతోక జింకలు దాదాపు మూడు కోట్లు. వేటగాళ్ళ డబ్బుతోనే జింక బతికిందని వాళ్ళు చెప్పుకుంటారు. అందులో నిజం చాలానే ఉంది. తోడేళ్ళను, కొండసింహాలను చంపేయడం, అడవి నరికిన చోట లేత చిగుళ్ళు పెరగడం కూడా జింకకు కలిసొచ్చాయన్నది అంత తరచుగా చెప్పరు.

జింకలను తినే జంతువులను చంపేస్తే సంగతి ఎంత దూరం పోతుందో కైబాబ్ చూపించింది. అరిజోనాలో గ్రాండ్ కేన్యన్‌కు ఉత్తరపు ఒడ్డున ఉన్న ఎత్తైన అడవి అది. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని రక్షిత స్థలంగా ప్రకటించాడు. జింకల వేట ఆపేశారు, వాటిని తినే జంతువులను జీతమిచ్చి చంపించారు. నాలుగు వేలు ఉన్నాయనుకున్న మ్యూల్ డీర్ 1920లలో ఎన్నయ్యాయో ఎవరి లెక్క వారిది. ముప్పై వేలన్నవారూ ఉన్నారు, లక్ష అన్నవారూ ఉన్నారు. చేతికందినంత ఎత్తు వరకు చెట్లకు ఆకు మిగల్లేదు. 1924 డిసెంబరులో గుర్రాల మీద కొందరు, కాలినడకన నవాహో తెగ మనుషులు కలిసి జింకల మందను కేన్యన్ లోయలోకి దించి అవతలి ఒడ్డుకు తోలాలని చూశారు. మంచు తుపాను వచ్చింది. ఒక్క జింక కూడా దాటలేదు. ఆ చలికాలాల్లో జింకలు ఆకలితో చచ్చిపోయాయి.

చివరికి అటవీశాఖ తానే జింకలను కాల్చి తగ్గించాలనుకుంది. రాష్ట్ర లైసెన్సు లేకుండా చంపుతారా అని అరిజోనా అధికారులు అడ్డుపడ్డారు, అరెస్టులు చేశారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తన భూమి పాడవుతుంటే కాపాడుకోవడానికి, రాష్ట్ర చట్టం ఏమన్నా సరే, ఫెడరల్ ప్రభుత్వం జింకలను చంపవచ్చని 1928లో తీర్పు వచ్చింది. అలా జింక రాష్ట్రానిది, నేల ఫెడరల్ ప్రభుత్వానిది, చుట్టూ కంచె రాంచ్ యజమానిది, లైసెన్సు వేటగాడిది. ఇవాళ్టి గొడవలన్నీ ఈ నలుగురి మధ్య తిరుగుతున్నవే.

ఇందులో టెక్సస్ సంగతి వేరు. 1845లో అమెరికాలో కలిసేటప్పుడు ఆ రాష్ట్రం తన భూమిని తనే ఉంచుకుంది, తర్వాత చాలా మటుకు అమ్మేసింది. అందుకే డాలస్, హ్యూస్టన్‌లలో ఉంటున్న మన తెలుగువాళ్ళకు వేటంటే కౌలుకు తీసుకున్న రాంచ్‌లో డబ్బు కట్టి ఆడేదిగానే కనిపిస్తుంది. పశ్చిమాన అలా కాదు. దేశ భూమిలో పావు వంతుకు పైగా, దాదాపు 64 కోట్ల ఎకరాలు, ఫెడరల్ ప్రభుత్వానిది. అందులో ఎక్కువ భాగం పశ్చిమ రాష్ట్రాల్లోనూ అలాస్కాలోనూ ఉంది. లైసెన్సు ఉంటే గుమాస్తా అయినా కోటీశ్వరుడయినా ఒకే కొండ ఎక్కవచ్చు.

కానీ ఆ లైసెన్సు అందరికీ దొరకదు. మ్యూల్ డీర్‌కు మంచి పేరున్న చోట్ల లాటరీ తీస్తారు, కొన్నిచోట్ల వరస రావడానికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళకు వచ్చిన చీటీని వృథా పోనివ్వరు. సీజనుకు నెలల ముందు నుంచే జాడ తీయడం మొదలవుతుంది. ఒకప్పుడు అంటే అడుగుజాడలు, పెంటికలు, కొమ్ములు రుద్దిన చెట్ల బెరడు, నీటి దగ్గరికి పోయే సన్నటి దారులు చూసుకుంటూ నడవడమే. తెల్లారకముందే ఎదురు కొండ మీద కూర్చుని బైనాక్యులర్లతో గంటలకొద్దీ వెతకడం. ఇప్పటికీ మంచి వేటగాళ్ళు అలాగే చేస్తారు.

రెండు వస్తువులు వచ్చి ఆట మార్చాయి. మొదటిది ఫోనులో హద్దులు చూపించే మ్యాప్. హద్దురాయి దొరక్క, కౌంటీ ఆఫీసు రికార్డులు తిరగేసే ఓపిక లేక వదిలేసుకున్న ప్రభుత్వ చదరాలు ఒక్కసారిగా అందరి చేతిలో కనిపించాయి. మూల ఎక్కడుందో అడుగుల తేడాతో తెలిసింది. ఆ మిస్సౌరీ వేటగాళ్ళ చేతిలో ఉన్నదీ అలాంటి యాపే. మూల మీదుగా తప్ప ఇంకే దారీ లేని ప్రభుత్వ భూమి పశ్చిమాన 83 లక్షల ఎకరాలని అలాంటి యాప్ తయారుచేసే కంపెనీ ఒకటి లెక్క కట్టింది. ఆ అంకె బయటికొచ్చాకే చాలామందికి తగాదా పెద్దదని అర్థమైంది.

రెండోది, చెట్టుకు కట్టే కెమెరా. జంతువు కదిలితే ఫొటో తీస్తుంది, కొన్నయితే అప్పటికప్పుడు ఫోనుకు పంపుతాయి. నీరు అరుదైన అరిజోనాలో ఒకే నీటిగుంట చుట్టూ పదుల కెమెరాలు కట్టడం, వాటిని చూసుకోవడానికి మనుషులు మాటిమాటికీ రావడంతో జింకలు తాగడానికి బెదిరే పరిస్థితి వచ్చిందని ఫిర్యాదులు వచ్చాయి. అక్కడి వేట, చేపల కమిషన్ 2022 జనవరి 1 నుంచి వేట కోసం ఈ కెమెరాలు వాడటాన్ని పూర్తిగా నిషేధించింది. నెవాడాలో, యూటాలో సీజను నెలల్లో నిషేధం ఉంది. కాన్సస్ 2023లో రాష్ట్ర శాఖ చూసే ప్రభుత్వ భూముల్లో ఆపేసింది. చిత్రమేమిటంటే వీటికి అడ్డుపడినవాళ్ళూ వేటగాళ్ళే, కావాలని పోరాడినవాళ్ళూ వేటగాళ్ళే. రూజ్‌వెల్ట్ స్నేహితులతో కలిసి 1887లో పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ అప్పట్లోనే జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలని చెప్పింది. కెమెరా ఆ అవకాశాన్ని ఎంత తగ్గిస్తుందన్నదే ఇప్పటి వాదన. పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ నెలకో శనివారం మాత్రమే కొండకు రాగలిగేవాడు, కెమెరా తీసేస్తే తన పనేమిటని అడుగుతాడు. అదీ కాదనలేని ప్రశ్నే.

ఇలా వాళ్ళలో వాళ్ళు కొట్టుకునేవాళ్ళు భూమి అమ్మకం మాట వస్తే మాత్రం ఒక్కటవుతారు. 1976లో వచ్చిన చట్టం ఫెడరల్ భూములను మామూలుగా అట్టిపెట్టుకోవడమే విధానమని చెప్పింది. 2017లో 33 లక్షల ఎకరాలు అమ్మాలన్న బిల్లును, తెచ్చిన యూటా ప్రతినిధే వెనక్కి తీసుకున్నాడు. 2025 జూన్‌లో అదే రాష్ట్రపు సెనేటర్ మైక్ లీ, బడ్జెట్ బిల్లులో 20 నుంచి 30 లక్షల ఎకరాల అమ్మకం చేర్చి, కొద్దివారాల్లోనే ఉపసంహరించుకున్నాడు. రెండుసార్లూ గట్టిగా అరిచింది పర్యావరణవాదులొక్కరే కాదు, రిపబ్లికన్ పార్టీకి ఓటేసే వేటగాళ్ళు కూడా.

నిచ్చెన కేసు తీర్పు పదో సర్క్యూట్ కింద ఉన్న ఆరు రాష్ట్రాలకే కట్టుబాటు: వ్యోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికో, కాన్సస్, ఓక్లహోమా. సుప్రీంకోర్టు కేసు తీసుకోలేదు కాబట్టి దేశమంతటికీ ఒకే నియమం రాలేదు. పక్కనే ఉన్న మాంటానా తొమ్మిదో సర్క్యూట్ కింద ఉంది. మూల దాటడం చట్టవిరుద్ధమేనని, కేసు పెట్టవచ్చని అక్కడి వేట శాఖ ఇంకా చెబుతోంది. అక్కడ ఎవరో ఒకరు దాటి, కేసు పడి, అది పైకోర్టుకు చేరేదాకానో, శాసనసభ తానే చట్టం చేసేదాకానో ఈ తేడా ఇలాగే ఉంటుంది.