లస్కరు తాత దొడ్లో పూలు: పిల్లలకు ఉత్తరం

చిట్టికీ, బుడ్డోడికీ,

అవ్వ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. ఒంటిపూట బడులు పెట్టినారంట గదా, మధ్యాహ్నాలు ఎండలో తిరగబాకండి.

మొన్న ఫోన్లో బుడ్డోడు ఒక మాట అడిగినాడు. లస్కరు తాత లేడు గదా, ఆయన దొడ్లో పూలు కోస్తే దొంగతనం గాదా అని. వెనకనించి చిట్టి ఇంకోటి అందుకుంది, పోయినోళ్ళ ఇంటి పూలు దేవుడికి పెట్టొచ్చా అని. అప్పుడు పొయ్యి మీద పాలుండి, ఏదో చెప్పి పెట్టేశాను. ఆదివారం మీరొచ్చి పూలు ఏరేవాళ్ళే గాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

మొదటిదానికి జవాబు: అడక్కుండా కోస్తే దొంగతనమే. తాత కార్తీకంలో పోయాడు. ఆ రోజునించీ ఇల్లూ, బావీ, చెట్లూ ఆయన కొడుకువి. తాళంచెవి మన గూట్లో ఉందంటే తలుపు మన చేతిలో ఉన్నట్టు, పూలు మనవైనట్టు గాదు. అందుకే హైదరాబాదుకు ఫోన్ చేసి అడిగినా. "పూలకు గూడా అడగాలా అత్తా?" అని నవ్వినాడు. అడగాలి. చీకటితోనే లేచి, కొక్కెం కట్టిన కర్ర పట్టుకుని, వీధిలో వాళ్ళ గోడల మీదినించి పూలు లాక్కునేవాళ్ళు మనూళ్ళోనూ ఉన్నారు. అడిగితే దేవుడికే గదా అంటారు. ఆ దేవుడికి పెట్టుకుందామని చెట్టు పెంచినామె పొద్దున్నే లేచి చూసేసరికి ఒట్టి కొమ్మలు. నాకైతే అట్టాంటి పూజ మింగుడుపడదు.

రెండోదానికి వస్తే, మైల మనుషులకు, అదీ ఆ ఇంటోళ్ళకూ దాయాదులకూ, కర్మ అయ్యేదాకా. చెట్టుకు మైల లేదు. తాత కొడుకు ఇంట్లో సంవత్సరీకం దాటేదాకా పండగ చేసుకోరు, అది వాళ్ళ ఆచారం. ఆ దొడ్లో పూలు మనం పెట్టుకోవడానికి అది అడ్డం గాదు. మన వీధిలో ఒకరిద్దరు పెద్దోళ్ళు ఏడాది తిరిగేదాకా ఆ గడపలో ఏదీ ముట్టకూడదంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోవద్దు. పూలు పంచేటప్పుడు ఆ ఇళ్ళు వదిలేయండి, చాలు.

తాతను లస్కరని ఎందుకంటారో మీకెవరూ చెప్పలేదేమో. లస్కరంటే కాలవ మీద నీళ్ళు చూసే మనిషి. పెన్న నీళ్ళు మన నెల్లూరు జిల్లా సంగం కాడ ఆనకట్టతో మళ్ళి, కనిగిరి రిజర్వాయర్ కొచ్చి, ఆడనించి కాలవల్లో పడి మన పొలాలకొస్తాయి. 2022లో సంగం కాడ కొత్త బ్యారేజీ తెరిచినారు గానీ, తాత ఉద్యోగమంతా పాత ఆనకట్ట రోజుల్లోనే. ఏ తూముకు ఎన్ని గంటలు, ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు రాత్రిపూట గండి కొట్టి దొంగనీళ్ళు పెట్టుకున్నారు, ఇదే ఆయన లోకం. రిటైరయ్యాక ఆ తూము తలుపులెత్తే తెలివంతా దొడ్లోకొచ్చింది.

మల్లెచెట్లతో ఆయన చేసే పని చూసి కొత్తకోడళ్ళు భయపడేవాళ్ళు. పుష్యమాసం వచ్చిందంటే నీళ్ళు ఆపేసేవాడు. ఆకు వాడి రాలేదాకా చూసి, కత్తెర తీసుకుని మోకాటెత్తుకు కత్తిరించేసేవాడు. దొడ్లో మోడులు తప్ప ఏమీ మిగిలేది గాదు. తర్వాత మొదళ్ళు తవ్వి, మాగిన పశువుల ఎరువేసి, ఒక్కసారిగా నిండా నీళ్ళు వదిలేవాడు. మల్లె మొగ్గ వచ్చేది పాత కొమ్మకు గాదు, కొత్తగా లేచిన చిగురుకు. కత్తిరించకపోతే చెట్టు తీగలు సాగి, ఆకులేసుకుని, చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ గుప్పెడు పూలియ్యదు. అందుకే ఈ ఏడు పుష్యంలో నేనూ మీ తాతా పోయి ఆ పనంతా చేసినాం. నా మోకాళ్ళు ఇంకా ఆ సంగతి మర్చిపోలేదు. ఇప్పుడు చెట్టుచెట్టుకూ మొగ్గలే.

బొడ్డుమల్లె కోయాల్సింది సాయంత్రం నాలుగింటికి. మొగ్గ తెల్లగా, నిండుగా ఉబ్బి ఉండాలి, విప్పుకోకూడదు. పచ్చని పసిమొగ్గ జోలికి పోవద్దు, రేపటిది రేపు. కోసిన మొగ్గ వాసన చూసి బుడ్డోడు పోయినేడు ఏమీ లేదని పారేశాడు. మొగ్గకు వాసన ఉండదురా. చీకటి పడి రేకు విప్పేటప్పుడు పుడుతుంది. కొమ్మన ఉన్నా, నీ బుట్టలో ఉన్నా విప్పుతూనే ఉంటుంది. చైనాలో టీ ఆకుకు మల్లెవాసన పట్టించేదీ ఇట్టానే, మొగ్గలు కోసి రాత్రికి ఆకులో కలిపి పెడతారు. కోసినవి ప్లాస్టిక్ కవర్లో మూటగట్టొద్దు, చెమటపట్టి నల్లబడతాయి. తడిగుడ్డలో చాలు. అరటినార నానబెట్టి ఉంచుతా, చిట్టికి కట్టడం నేర్పిస్తా. మూరంటే మోచేతి నించి నడివేలి కొసదాకా. బుచ్చి, అదే బుచ్చిరెడ్డిపాళెం, బస్టాండు కాడ పూలమ్మేవాళ్ళలో చెయ్యి పొట్టిగా ఉన్నామె దగ్గరే మీ తాత ఎందుకు కొంటాడో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఇంక వేపపూత. ఈ ఏడు, అంటే 2026లో, ఉగాది మార్చి 19నే పడింది. పోయినేడు మార్చి 30, అంతకు ముందేడు ఏప్రిల్ 9. చంద్రుణ్ణి బట్టి లెక్కేసే మన ఏడాదికి 354 రోజులు, అంటే సూర్యుడి ఏడాదికి ఓ పదకొండు రోజులు తక్కువ. ఆ లెక్కన పండగ ఏటేటా ముందుకు జరుగుతుంది. మరీ జరిగిపోకుండా మధ్యలో అధికమాసం వేస్తారు. ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది గాబట్టి వచ్చే ఉగాది మళ్ళీ ఏప్రిల్ 7కు పోతుంది. వేపచెట్టుకు ఈ లెక్కలేవీ పట్టవు, ఎండ ముదిరితేనే పూస్తుంది. తాత చెట్టుకు ఎండ పడే పడమటి కొమ్మల్లోనే పూత కనబడతా ఉంది. పచ్చడికి చాలకపోతే పోయినేడు ఆయన ఎండబెట్టి ఇచ్చిన పూత హార్లిక్స్ సీసాలో ఇంకా ఉంది, వాసన పోలేదు.

ఏరే పద్ధతి ఇది. తెల్లారకముందే చెట్టు కింద ఊడ్చి పాత దుప్పటి పరవాలి. రాలేది దానంతట అదే రాలుతుంది, తర్వాత అందే కొమ్మను చేత్తో మెల్లగా కదిలించాలి. కర్రతో బాదకూడదు, చిగురు విరిగిపోతుంది. ఎండ పొడవకముందే పని కావాలి, తేనెటీగలు దిగాక మనం తప్పుకోవాలి. పుల్లలూ ఆకులూ ఏరేసి నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగూ పోతుంది, గుణమూ పోతుంది. గలగలమన్నాక సీసాకెత్తితే ఏడాదంతా నేతిలో వేయించి చారులో వేసుకోవచ్చు.

ఆ చెట్టును గురించి ఒక సంగతి చెప్పాలి. 2021లో మన రాష్ట్రంలోనూ, తెలంగాణలోనూ వేపచెట్లు కొసలనించి మాడిపోతా వచ్చాయి, మీకు గుర్తుండదు. తేయాకు దోమ అనే పురుగు చిగుళ్ళ రసం పీలిస్తే, దాని వెనకే ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం కొమ్మల్ని ఎండగొట్టింది. చెట్టు చచ్చిందనుకుని జనం గొడ్డళ్ళు తీసినారు. తాత తన చెట్టును ఎవర్నీ ముట్టనీయలేదు. ఎండిన కొసలు మాత్రం తీసేయించి ఊరుకున్నాడు. మళ్ళీ చిగిర్చింది. అట్టా తేరుకున్న చెట్లు చాలానే ఉన్నాయి.

పొగడపూలు కోసే పనే లేదు, తెల్లారికి కింద రాలి ఉంటాయి. చిన్న చక్రం మాదిరి, మధ్యలో చిల్లి. సూది లేకుండా దారం దూరుతుంది, అందుకే అది బుడ్డోడి పని. ఎండినా వాసన పోదు, ట్రంకుపెట్టెలో బట్టల మధ్య వేసుకుంటాం. కనకాంబరాల్లో పూలతోపాటు ఎండిపోయిన కంకులు గూడా ఉంటాయి, వాటిని తుంచి పారేయొద్దు. ఒక పళ్ళెంలో వేసి నీళ్ళు చిలకరించి రవ్వంతసేపు చూడండి. టపటపా పగిలి గింజలు ఎగిరిపడతాయి. మొహం దగ్గర పెట్టుకోబాకండి. ఆ గింజలు ఏరి కాగితంలో కట్టి నాకియ్యండి.

గోడవారనున్న గన్నేరు పూలు, ఎర్రవిగానీ పసుపుపచ్చవిగానీ, మీరు కోయొద్దు. నేను కోస్తా. దాని పాలూ, ఆకూ, కాయా, గింజా అన్నీ విషమే, కడుపులోకి పోతే గుండెకు ప్రమాదం. దానిమీద చెయ్యి పడితే సబ్బుతో కడుక్కోవాలి, కడుక్కునేదాకా నోట్లోగానీ కంట్లోగానీ పెట్టుకోకూడదు. మామిడికొమ్మ జోలికీ వద్దు. ఒక్కో పూతగుత్తిలో వందలకొద్దీ పూలుంటాయి, నిలిచేది ఏ ఒకటో రెండో పిందెలు. పచ్చడికి పిందెలు సంతలో కొంటాం.

ఏరినవాటిలో మొదటి దండ తాతా, ఆయన భార్యా ఉన్న పటానికి. కొడుకు కోరింది అదొక్కటే. మిగతావి మన వీధికీ, రామనవమి వస్తుంది గాబట్టి బుచ్చి కోదండరామస్వామి గుడికీ.

ఇంకో మాట, ఇది మీ అమ్మకు గూడా చదివి వినిపించండి. సంవత్సరీకం అయ్యాక ఇల్లు అమ్మేస్తామని కొడుకు అన్నాడు. కొనేవాళ్ళు దొడ్డి ఉంచుతారన్న నమ్మకం నాకు లేదు, ఈ రోజుల్లో స్థలం కొన్నోడు మొదట చేసేది సిమెంటు పోయించడమే. బొడ్డుమల్లె మనకు గింజ పట్టదు, అంటుతోనే రావాలి. అందుకని ఎండలు తగ్గినాక, ఆషాఢం శ్రావణాల్లో, పొడుగాటి కొమ్మ వంచి, గణుపు దగ్గర బెరడు కొంచెం గీరి, మట్టిలో తొక్కి పైన రాయి పెడతాం. మూడు నెల్లు పోతే వేరు పట్టి ఉంటుంది, తల్లిచెట్టునించి కోసి తెచ్చుకోవచ్చు. దానికీ అడిగినా, ఎన్ని కావాలంటే అన్ని తొక్కుకోమన్నాడు. మీ అపార్టుమెంటు బాల్కనీకి ఎండ తగుల్తుందో లేదో మీ నాయన్ని అడిగి, కుండీ ఎంతది పడుతుందో కొలిచి రాయండి.

శనివారం సాయంత్రానికే వచ్చేయండి, ఆదివారం చీకటితో లేవాలి. పాత దుప్పట్లు రెండు తీసుకురండి, మన ఇంట్లోవి చిరిగినాయి. బుడ్డోడికి చెప్పులు గాదు, బూట్లు వేసి పంపమని అమ్మతో చెప్పండి. బావి పక్కన పల్లేరు ముళ్ళు ఇంకా పీకలేదు.

మీ అవ్వ