26 గంటలు 2 గంటలుగా ఎందుకు కనిపిస్తాయి?

13 గంటల చొప్పున రెండు షిఫ్టులను ఎక్సెల్‌లో కూడితే 2:00 అని రావడం టైమ్‌షీట్లు చూసేవాళ్లకు కొత్త కాదు. లెక్క తప్పలేదు. ఎక్సెల్ లోపల ఒక రోజంటే 1, పన్నెండు గంటలంటే 0.5. ఆ ప్రకారం 26 గంటలు 1.0833గా భద్రంగానే ఉంటాయి. చూపించే ఫార్మాట్ మాత్రం దాన్ని గడియారంలో వేళ అనుకుని, నిండిన రోజును వదిలేసి మిగిలిన రెండు గంటలే చూపిస్తుంది. ఫార్మాట్‌లో గంటల అక్షరానికి చదరపు బ్రాకెట్లు పెడితే 26:00 వస్తుంది. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లోనూ ఇదే గోల. వ్యవధిని దాచే టైమ్‌డెల్టాలో 26 గంటలు పెట్టి సెకన్లు అడిగితే 7200 అంటుంది, ఎందుకంటే రోజును విడిగా దాచుకుంటుంది. అన్నీ కలిపి చెప్పే టోటల్_సెకండ్స్ ఫంక్షన్ 2010లో 2.7 వెర్షన్‌తో గానీ రాలేదు.

వేళ వేరు, వ్యవధి వేరు అని గుర్తుపెట్టుకుంటే ఈ తప్పు తప్పించుకోవచ్చు. అసలు చిక్కు నెలతో వచ్చింది.

తేదీలు, వేళలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 1988లో వచ్చింది. అది వ్యవధిని పి అక్షరంతో మొదలుపెట్టి రాయమంది. పి1ఎం అంటే ఒక నెల, పిటి1ఎం అంటే ఒక నిమిషం. మధ్యలో టి జారిపోయిందంటే నిమిషం కాస్తా నెలైపోతుంది. రెండింటికీ ఒకే అక్షరం ఎందుకిచ్చారో! అది అలా ఉంచితే, నెలంటే ఎన్ని రోజులు? 28 కావచ్చు, 31 కావచ్చు. డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్ 1992 నాటి ప్రమాణం ఈ ప్రశ్న జోలికి పోకుండా వ్యవధులను రెండు జాతులుగా విడగొట్టింది: ఏళ్లు-నెలలు ఒకటి, రోజులు మొదలు సెకన్ల దాకా ఇంకొకటి. ఆ రెండూ కలవవు. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో తెలివైన నిర్ణయం అదే.

అయినా 2001లో, ఎక్స్‌ఎంఎల్ డేటా ఎలా ఉండాలో నిర్దేశించే ఎక్స్‌ఎంఎల్ స్కీమా అన్నిటినీ ఒకే డ్యూరేషన్ టైపులో పోసింది. దాంతో రెండు వ్యవధుల్లో ఏది పెద్దదో తేల్చడానికి వింత పద్ధతి పెట్టాల్సి వచ్చింది: 1696 సెప్టెంబర్ 1, 1697 ఫిబ్రవరి 1, 1903 మార్చి 1, 1903 జులై 1. ఈ నాలుగు తేదీలకూ రెండు వ్యవధులనూ కలిపి చూడాలి. నాలుగింట్లోనూ ఒకే జవాబొస్తే సరే, లేకపోతే తేలనట్టే. ఒక నెల, 30 రోజులు అలా తేలని జంట. 2012లో వచ్చిన 1.1 వెర్షన్‌లో ఏళ్లు-నెలలకు ఒకటి, రోజులు-సెకన్లకు ఒకటి చొప్పున రెండు టైపులు చేర్చారు. 2014లో ప్రోగ్రామింగ్ భాష జావా 8వ వెర్షన్ కూడా పీరియడ్, డ్యూరేషన్ అని వేరుచేసింది, కాకపోతే రోజులను ఏళ్లు-నెలలతో పాటు పీరియడ్‌లో పెట్టింది. గీత కాస్త అటూఇటూ అయినా, ఎస్‌క్యూఎల్ ఇరవై ఏళ్ల ముందే చేసిన విభజన దగ్గరికే ఇద్దరూ వచ్చారు.

ఈలోగా ప్రోగ్రాములు ఒకదానికొకటి పంపుకునే డేటా చాలామటుకు జేసన్ అనే ఫార్మాట్‌లోకి మారింది. అందులో వ్యవధికి టైపే లేదు, ఒట్టి అంకెగానో స్ట్రింగ్‌గానో (అక్షరాల వరుసగా) రాసుకోవాలి. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో 5 సెకన్ల వ్యవధిని నేరుగా జేసన్‌గా మారిస్తే 5000000000 వస్తుంది, అవి నానోసెకన్లు. జావాస్క్రిప్ట్ టైమర్లకు మిల్లీసెకన్లు అలవాటు, యూనిక్స్ స్లీప్ కమాండ్‌కు సెకన్లు. అంకె ఒక్కటే పంపితే అవతలివాడు తనకు అలవాటైన యూనిట్‌లో చదువుకుంటాడు. అందుకే గూగుల్ డేటా ఫార్మాట్ ప్రోటోబఫ్ వ్యవధిని జేసన్‌లోకి మార్చేటప్పుడు అంకె పక్కనే సెకన్లకు గుర్తుగా ఎస్ అక్షరం అంటించి స్ట్రింగ్‌గా ఇస్తుంది. సర్వర్ల పనితీరు కొలిచే ప్రొమీథియస్ కొలతల్లోనైతే యూనిట్ పేరులోనే ఉంటుంది, వ్యవధి కొలిచే మెట్రిక్ పేరు చివర సెకండ్స్ అని రాయడం అక్కడి పద్ధతి.