బందరులో గాలి ఎప్పుడు తిరుగుతుంది?

మా మేనకోడలు కాపురం బందరులో, అదే మచిలీపట్నంలో. మొన్న మే నెలాఖరులో ఫోన్ చేసి నిష్ఠూరంగా అడిగింది. "మామయ్యా, ఫోన్‌లో ఈ వారమంతా ఎండ 39, 40, 39 అని చూపిస్తోంది. నిన్న చూస్తే 36 దాటలేదు, బాబుని సాయంత్రం బయట తిప్పాను. ఇవాళ 43! ఇన్ని శాటిలైట్లు ఉండి ఇదేం లెక్క?"

ఆ ప్రశ్న నాకు ఎంత నచ్చిందంటే, ఆ పూట ఇంక వేరే పని చేయబుద్ధి కాలేదు. మే నెలలో బందరు ఒక ఊరు కాదు, రెండు. సముద్రపు గాలి ఒడ్డుకు తిరిగిన బందరు ఒకటి, తిరగని బందరు ఇంకొకటి. మొదటిది 36 డిగ్రీల ఊరు, రెండోది 43 డిగ్రీల ఊరు. ఫోన్‌లో కనిపించిన 39 ఆ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంది. ఆ వేడి ఉండే రోజు మాత్రం అరుదుగా వస్తుంది.

పగలు నేల త్వరగా కాగుతుంది, నీళ్ళు నెమ్మదిగా కాగుతాయి, అందుకని గాలి సముద్రం మీదనుంచి ఒడ్డుకు వీస్తుంది. చిన్నప్పుడు అందరం చదువుకున్నదే. పుస్తకంలో బాణాలు గుండ్రంగా తిరుగుతూ అందంగా ఉంటాయి. కానీ ఆ బొమ్మలో ఒక పెద్ద లోపం ఉందని నాకు ఎప్పటినుంచో బాధ. అందులో నేల ఖాళీగా ఉంటుంది, సముద్రపు గాలికి ఎవరూ అడ్డు రారు. అసలు కథంతా అడ్డు వచ్చేవాడి దగ్గరే ఉంది. వాడు పడమటి గాలి.

తెలంగాణ పీఠభూమి మీద ఎండకు మాడిన గాలి కృష్ణా లోయ వెంట కిందికి దిగుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. పొడి గాలి కిలోమీటరు కిందికి దిగితే, పై గాలి బరువుకు నొక్కుకుపోయి దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. అంటే ఆ ఎత్తు నుంచి డెల్టాకు చేరేలోపు, ఎండతో పనిలేకుండానే, ఇంకో 5 డిగ్రీలు పోగుచేసుకుంటుంది. బెజవాడను కాల్చేది ఇదే. అదే ఊపుతో బందరు దాకా వచ్చి సముద్రపు గాలిని ఒడ్డు దగ్గరే నిలబెట్టేస్తుంది.

ఈ రెండూ కలిసే చోట నిజంగానే ఒక గీత ఉంటుంది, కబడ్డీ కోర్టులో నడిగీతలాగా. మే నెల మధ్యాహ్నం బెజవాడ నుంచి బందరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. ఉయ్యూరు దాకా మొహం మీద సెగ కొడుతుంది. పామర్రు దాటాక, గూడూరు వచ్చేలోపు ఎక్కడో ఒకచోట ఆ సెగ ఠక్కున ఆగిపోయి, మెడ మీద జిడ్డు మొదలవుతుంది. మీరు గీత దాటారు. బస్సు దాటిన ఆ గీత కూడా కదులుతూనే ఉంటుంది. సముద్రపు గాలి నెగ్గిన రోజున పామర్రు, ఉయ్యూరు మీదుగా పైకి జరుగుతుంది. ఓడిన రోజున బందరుకు అవతల, నీళ్ళ మీదే ఉండిపోతుంది.

ఎవరు నెగ్గుతారో చెప్పడానికి చిన్న లెక్క ఒకటుంది. 1962లో బిగ్స్, గ్రేవ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున కట్టిన లెక్క ఇది. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించాలి. దాన్ని నేలకూ నీళ్ళకూ ఉన్న వేడి తేడాతో భాగించాలి. జవాబు 3 లోపు వస్తే నీటి గాలి ఒడ్డెక్కుతుంది, దాటితే ఎక్కదు. మన ఒడ్డుకు ఆ 3 కొంచెం అటూ ఇటూ కావచ్చు, లెక్క తీరు మాత్రం అదే. బందరులో నేల మీద 42, సముద్రం మీద 30 అనుకుందాం. తేడా 12. పడమటి గాలి సెకనుకు 5 మీటర్లయితే 25ని 12తో భాగిస్తే 2 పైన కొంచెం, గాలి తిరుగుతుంది. 7 మీటర్లయితే 49ని 12తో భాగిస్తే 4 దాటింది, తిరగదు. 5 మీటర్లంటే గంటకు 18 కిలోమీటర్లు, 7 అంటే 25. మధ్యనున్న ఏడు కిలోమీటర్లు మనిషి గబగబా నడిచే వేగం! హాయిగా ఉండే సాయంత్రానికీ వడగాడ్పు హెచ్చరికకూ మధ్య దూరం అంతే.

ఈ రెండింటి మధ్య మూడో రకం రోజు కూడా ఉంది, గాలి ఆలస్యంగా తిరిగే రోజు. పదకొండింటికి తిరిగితే వేడి అక్కడే ఆగుతుంది. రెండింటికి తిరిగితే అప్పటికే 41 తాకి, ఆ తర్వాత పడుతుంది. నన్నడిగితే బందరు గరిష్ఠ ఉష్ణోగ్రతను డిగ్రీల్లో కాకుండా గాలి తిరిగిన టైములో చెప్పాలి.

ఇక ఐదు రోజుల ముందే ఆ గాలి వేగాన్ని గంటకు ఏడు కిలోమీటర్ల తేడా లేకుండా చెప్పమంటే కంప్యూటరు ఏం చేస్తుంది? మచిలీపట్నంలో, విశాఖలో తెల్లవారుజామున 5:30కి బెలూన్లు ఎగరేసి పై గాలులు కొలుస్తారు. అది రేపటికి బాగా పనికొస్తుంది. ఐదో రోజుకు ఆరంభంలో ఉన్న చిన్న తేడాలు కూడా పెరిగి పెద్దవవుతాయి. అందుకే యూరప్ వాతావరణ కేంద్రం ఆరంభ పరిస్థితులను కొద్దికొద్దిగా మార్చి ఒకే వారాన్ని 50 సార్లు లెక్క కడుతుంది. బందరు విషయంలో సగం లెక్కల్లో గాలి తిరిగి 36, సగం లెక్కల్లో తిరగక 43 వచ్చాయనుకోండి. సగటు తీస్తే 39న్నర. ఆ 50లో ఒక్కటి కూడా 39న్నర అని చెప్పి ఉండకపోవచ్చు.

రోహిణి కార్తె మాట ఎత్తకపోతే మా అమ్మ ఊరుకోదు. రోహిణిలో రోళ్ళు పగులుతాయని సామెత. చుక్కకూ ఎండకూ ఏ సంబంధమూ లేదు, కానీ సామెత తప్పు కాదు. సూర్యుడు బందరుకు సరిగ్గా నడినెత్తికి వచ్చేది మే మొదటి వారంలోనే. ఎండ ఒక్కటే కారణమైతే రోళ్ళు అప్పుడే పగలాలి. అవి రోహిణిలో పగలడానికి కారణం, మే చివరికి రుతుపవనాల ముందు పడమటి గాలి బలం పుంజుకోవడం, వాన ఇంకా రాకపోవడం. తరాల తరబడి రైతులు చూసి చూసి చెప్పిన సగటు అది. ఈ మంగళవారం ఎలా ఉంటుందని మాత్రం కార్తెను అడగకూడదు.

గాలి తిరిగిన రోజు చల్లన, తిరగని రోజు వేడి అని నేను చెప్పబోతుంటే మేనకోడలు మధ్యలో ఆపింది. "మరి 43 అన్నరోజు కుండలో నీళ్ళు జిల్లుమన్నాయి. 36 అన్నరోజు వెచ్చగా ఉన్నాయేం?" ఫోన్‌లోనే శభాష్ అన్నాను. కుండ చెమ్మ ఆవిరైతేనే నీళ్ళు చల్లబడతాయి. 43 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్నప్పుడు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 25 దాకా దిగుతుంది. 35 డిగ్రీలు, తేమ 65 శాతం ఉంటే 29 దగ్గరే ఆగిపోతుంది. కుండ దానికంటే చల్లబడలేదు, మన ఒళ్ళూ అంతే. పడమటి గాలి రోజు చెమట కనబడకుండానే ఆరిపోయి, ఒంట్లో నీరు తెలియకుండా ఖర్చయి వడదెబ్బ తగులుతుంది. సముద్రపు గాలి రోజు చెమట ఆరక, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉక్కపోత పెడుతుంది.

ఇప్పుడు తను వారం అంకెలు చూడటం మానేసింది. ముందురోజు రాత్రి, మర్నాడు ఉదయం పదకొండింటికి గాలి బాణం ఎటు ఉందో, వేగం ఎంతో మాత్రం చూస్తోంది. పడమర నుంచి 25 అని ఉంటే బాబు ఆ రోజు ఇంట్లోనే. నిన్న మెసేజ్ పెట్టింది: "పదకొండున్నరకు తిరిగింది మామయ్యా. కుండ నీళ్ళు వెచ్చన."