రాణి క్షమాభిక్ష పెట్టినా ఆగని ఉరి

2024 డిసెంబర్ 31న జింబాబ్వే మరణశిక్షను రద్దు చేసింది. ఆ దేశంలో ఉరికంబం సంగతి ఎత్తితే 1968 మార్చి గుర్తుకు రాక తప్పదు. అప్పట్లో దాని పేరు రొడీషియా, బ్రిటిష్ వలస. ఖైదీకి ప్రాణభిక్ష పెట్టే హక్కు లండన్‌దా, రాజధాని సాలిస్‌బరీదా అన్న పంతంలో ముగ్గురి ప్రాణాలు పోయాయి.

గొడవ మొదలైంది 1965 నవంబర్‌లో. హత్యానేరానికి ఉరిని ఆపే బ్రిటన్ చట్టానికి 8వ తేదీన రాజముద్ర పడింది. మూడు రోజులకే, 11న, ఇయాన్ స్మిత్ నడిపే రొడీషియా తెల్లవాళ్ల ప్రభుత్వం తనంతట తానే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. నల్లజాతి మెజారిటీ చేతికి అధికారం పోకూడదన్నదే దాని పట్టుదల. లండన్ మాట వినబోమన్నారు గానీ, రాణికి మాత్రం విధేయులమే అన్నారు. రాణి ప్రతినిధిగా ఉన్న గవర్నర్ హంఫ్రీ గిబ్స్ పదవి వదలనంటే ఆయన బంగళాకు ఫోన్ కట్ చేశారు, కార్లు తీసుకుపోయారు.

జేమ్స్ ద్లామిని, విక్టర్ మ్లాంబో అప్పటికే ఉరిశిక్ష పడి జైల్లో ఉన్నారు. 1964లో మెల్సెట్టర్ దగ్గర ఒక తెల్లజాతీయుణ్ణి చంపిన కేసు అది. డ్యూలీ షాడ్రెక్‌కు వేరే హత్య కేసులో ఉరి పడింది. నేరం చిన్నదేమీ కాదు. కానీ ద్లామిని, మ్లాంబో మూడేళ్లకు పైగా రోజూ చావు కోసం ఎదురుచూస్తూ గడిపారు. అదే ఒక శిక్ష.

1968 మార్చి 2, శనివారం. బ్రిటన్ మంత్రుల సలహాపై ఎలిజబెత్ రాణి ముగ్గురి ఉరినీ యావజ్జీవ ఖైదుగా మార్చారు. సోమవారం సాలిస్‌బరీ హైకోర్టు అది చెల్లదంది. క్షమాభిక్ష అధికారం ఇక్కడి ప్రభుత్వానిదేనని చీఫ్ జస్టిస్ హ్యూ బీడిల్ తేల్చారు. బుధవారం ముగ్గురినీ ఉరి తీశారు. మరుసటి సోమవారం ఇంకో ఇద్దరిని. ఇక ఈ కోర్టులో కూర్చోలేనని జస్టిస్ జాన్ ఫీల్డ్‌సెండ్ రాజీనామా చేశారు. 1980లో స్వతంత్ర జింబాబ్వేకు మొదటి చీఫ్ జస్టిస్ ఆయనే. 1968 మే 29న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఈ ఉరిశిక్షలను ఖండిస్తూ రొడీషియాపై దాదాపు పూర్తి వాణిజ్య ఆంక్షలు పెట్టింది.

అలాగని లండన్‌ను మెచ్చుకోలేం. 1977 డిసెంబర్ 2న మరో బ్రిటిష్ వలస బెర్ముడాలో ఇద్దరు నల్లజాతి యువకులను ఉరి తీశారు. వారిలో ఒకరిది గవర్నర్ రిచర్డ్ షార్ప్‌ల్స్ హత్య కేసు. దయ చూపమని దీవిలో వేలమంది సంతకాలు పెట్టారు. లండన్ కదల్లేదు. అల్లర్లు చెలరేగితే సైన్యాన్ని మాత్రం పంపింది. రొడీషియాలో అంత గట్టిగా గుర్తొచ్చిన రాణి దయ ఇక్కడ ఎందుకు గుర్తురాలేదన్న ప్రశ్న నన్ను వదలదు. 1991లో మాత్రం అంగ్విల్లా, కేమన్ దీవులు సహా ఐదు కరీబియన్ వలసల్లో హత్యకు ఉరిని లండనే స్వయంగా తీసేసింది.

జింబాబ్వే రద్దు చట్టంపై సంతకం పెట్టిన అధ్యక్షుడు ఎమర్సన్ మ్నంగాగ్వాకు కూడా 1960లలో రైలు పేల్చివేత కేసులో ఉరిశిక్ష పడింది, తర్వాత అది తప్పింది. అయితే ఎమర్జెన్సీ విధిస్తే ఉరిని మళ్ళీ తెచ్చుకునే వీలు ఆ చట్టంలోనే ఉంచారు. 1965 నవంబర్‌లో స్మిత్ ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీ స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1990 దాకా నడిచింది.